‘మాస్టర్’, ‘స్లేవ్’ తీసేద్దామంటే టీమ్ రెండుగా చీలింది

పేరు చెప్పవద్దన్న ఒక టీమ్ లీడ్ సుదీర్ఘంగా ఉత్తరం రాశారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది:

తొమ్మిది మంది టీమ్. కస్టమర్లు తమ సర్వర్లలోనే పెట్టుకుని నడుపుకునే ఒక ఏపీఐ గేట్‌వే (బయటి ప్రోగ్రాముల నుంచి వచ్చే అభ్యర్థనలను వడకట్టి లోపలికి పంపే సాఫ్ట్‌వేర్) చేస్తారు. కోడ్ వయసు ఆరేళ్లు. లోపల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ రెప్లికేషన్ (ప్రధాన సర్వర్‌ను ‘మాస్టర్’ అని, దాని నకళ్లను ‘స్లేవ్’ అని పిలుస్తూ వచ్చిన ఏర్పాటు), రెడిస్ అనే మరో డేటా స్టోర్ ఉన్నాయి. ఎవరికి అనుమతి ఇవ్వాలో చెప్పే ‘ఐపీ_వైట్‌లిస్ట్’ అనే కాన్ఫిగ్ కీ కస్టమర్ల ఫైళ్లలో ఉంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ‘మాస్టర్’, ‘స్లేవ్’, ‘బ్లాక్‌లిస్ట్’, ‘వైట్‌లిస్ట్’ అన్న మాటలన్నీ మారుస్తూ 214 ఫైళ్ల పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పులను కలపమని కోరే అభ్యర్థన) పెట్టింది. ఆ కోడ్ మొదట రాసిన సీనియర్ దాని కింద ‘మనకు వేరే పనేమీ లేదా?’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. రెండు రోజులు చాట్‌లో వాదన నడిచింది, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను ఉంచే సాధనం) ప్రధాన బ్రాంచ్‌కు ఉన్న ‘మాస్టర్’ పేరు మీద కూడా. ఆ తర్వాత ఆ అమ్మాయి రోజువారీ టీమ్ మీటింగ్ (స్టాండప్)లో తన పని చెప్పి మ్యూట్ చేసుకుంటోంది. టెస్టులన్నీ పాసయ్యాయి గానీ స్టేజింగ్‌లో (రిలీజ్‌కు ముందు పరీక్షించే సర్వర్లలో) రెడిస్ ఫెయిలోవర్, అంటే ప్రధాన సర్వర్ పడిపోతే నకలు దాని స్థానం తీసుకోవడం, పనిచేయడం మానేసింది, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఇంతలో ఒక పెద్ద కస్టమర్ పంపిన ప్రశ్నావళిలో ‘సమ్మిళిత పదజాలంపై మీ విధానం ఏమిటి?’ అన్న ప్రశ్న వచ్చింది. మేనేజర్ ‘నువ్వే తేల్చు’ అన్నారు. ‘నాకా మాటలు బాధ కలిగించవు. కానీ బాధపడేవాళ్లకు అది తప్పని చెప్పే హక్కు నాకుందా? అలాగని ఆరేళ్ల కోడ్‌ను తిరగేయాలా?’ అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

ముందుగా స్టేజింగ్ సంగతి తేల్చుకుందాం. టీమ్‌లో సగం గొడవ దాని చుట్టూనే ఉన్నట్టుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి కారణం దాదాపు ఖాయంగా ఇదే. రెడిస్ 2018లో వచ్చిన 5.0 వెర్షన్‌లో ‘స్లేవ్ఆఫ్’ కమాండ్‌కు ‘రెప్లికాఆఫ్’ అనే కొత్త పేరు ఇచ్చింది, పాత పేరునూ ఉంచింది. కానీ ‘ఇన్ఫో రెప్లికేషన్’ అని అడిగితే వచ్చే జవాబులో మాత్రం పాత మాటలే ఉంటాయి: ‘రోల్:మాస్టర్’, ‘రోల్:స్లేవ్’, ‘కనెక్టెడ్_స్లేవ్స్’. ఆ జవాబును చదివే ప్రోగ్రాములు ప్రపంచమంతటా ఉన్నాయి కాబట్టి దాన్ని కదపలేదు. మీ పుల్ రిక్వెస్ట్‌లోని వెతుకు-మార్చు స్క్రిప్ట్ ఆ జవాబును చదివే మీ కోడ్‌లోనూ ‘స్లేవ్’ను ‘రెప్లికా’ చేసేసింది. ఇప్పుడు ఆ కోడ్ ‘రోల్:రెప్లికా’ అన్న వరుస కోసం ఎదురుచూస్తుంది, అది ఎప్పటికీ రాదు. ఏ నోడ్‌నూ (రెడిస్ సర్వర్‌నూ) గుర్తుపట్టలేదు కాబట్టి ఫెయిలోవర్‌కు అభ్యర్థులే ఉండరు.

మరి టెస్టులు ఎలా పాసయ్యాయి? టెస్టుల కోసం మీరు పెట్టుకున్న నకిలీ రెడిస్ జవాబు కూడా మీ రిపోజిటరీలోనే ఒక ఫైల్‌గా ఉండి ఉంటుంది. స్క్రిప్ట్ దాన్నీ మార్చింది. కోడ్‌దీ టెస్ట్‌దీ ఒకే తప్పు కావడంతో రెండూ చక్కగా సరిపోయాయి. కావాలంటే ఆ నకిలీ జవాబు ఫైల్ (ఫిక్స్‌చర్)లో వచ్చిన తేడాను ఒకసారి తెరిచి చూడండి. ఈ ముక్క సీనియర్‌కీ ఆ అమ్మాయికీ ఒకేసారి చూపించండి, విడివిడిగా వద్దు. విడిగా చెబితే ఒకరికి అది గెలుపుగా, ఇంకొకరికి మందలింపుగా వినిపిస్తుంది. నిజానికి ఈ బగ్ ఆమె ఉద్దేశం తప్పని రుజువు చేయదు, పద్ధతి తప్పని మాత్రమే చూపిస్తుంది. అదే స్క్రిప్ట్ చెల్లింపుల మాడ్యూల్ మీద నడిస్తే ‘మాస్టర్‌కార్డ్’ కాస్తా ‘మెయిన్‌కార్డ్’ అయి కూర్చుంటుంది.

ఇక అసలు వాదన. దాన్ని పుల్ రిక్వెస్ట్ కింద తేల్చాలని చూడకండి, అక్కడ తేలదు. ఇది నిన్నా మొన్నా పుట్టిన వాదన కూడా కాదు. 2003లోనే అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ తనకు పరికరాలు సరఫరా చేసేవారిని వాటి మీద ‘మాస్టర్, స్లేవ్’ లేబుళ్లు వద్దని కోరింది. 2014లో జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్, 2018లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఇదే చర్చ చేసి పేర్లు మార్చుకున్నాయి. రెండు చోట్లా గట్టి వ్యతిరేకత వచ్చింది. వద్దన్నవారందరూ మూర్ఖులు కారు, కావాలన్నవారందరూ పని లేనివారు కారు. మీ వాళ్లకు ఉపయోగపడేది ఒక్కటుంది: నాలుగు మాటల్నీ ఒకే గంపలో వేయకపోవడం. ‘మాస్టర్-స్లేవ్’ జంట మనిషి మనిషిని సొత్తుగా ఉంచుకున్న వ్యవస్థ నుంచి నేరుగా తెచ్చిన పోలిక. దాని మీద అభ్యంతరం బలమైనది, సమర్థించడం కష్టం. ‘బ్లాక్‌లిస్ట్’ ఇంగ్లిష్‌లో 17వ శతాబ్దం నుంచీ ఉంది, దాని పుట్టుక జాతి వివక్షలో లేదు. అక్కడ అభ్యంతరం నలుపు చెడు, తెలుపు మంచి అన్న జత మీద. గిట్‌లోని ‘మాస్టర్’ బ్రాంచ్‌కు పక్కన ‘స్లేవ్’ ఏదీ లేదు, కాబట్టి అక్కడ వాదన ఇంకా పలచన. మీ సీనియర్ మూడోదాన్ని ఎగతాళి చేస్తుంటే, ఆ అమ్మాయి మొదటిదాన్ని సమర్థిస్తోందేమో చూడండి. చాలా టీముల్లో గొడవ సరిగ్గా ఇలాగే నడుస్తుంది, ఇద్దరూ వేర్వేరు మాటల గురించి మాట్లాడుతూ ఒకరినొకరు తిట్టుకుంటారు.

మీకు హక్కుందా అని అడిగారు. ఎవరికి నొప్పి కలగాలో తీర్పు చెప్పే హక్కు మీకు అక్కర్లేదు, ఎందుకంటే మిమ్మల్ని ఆ తీర్పు ఎవరూ అడగడం లేదు. ఏ పేరు ఎక్కడ ఉంది, దాన్ని కదిపితే ఎవరి సిస్టమ్ ఆగుతుంది, ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మీ ముందున్న ప్రశ్న. అది ఇంజనీరింగ్ ప్రశ్న, దానికి జవాబు చెప్పవలసింది మీరే.

ఈ లెక్కన మీ కోడ్‌లోని పేర్లు నాలుగు చోట్ల ఉన్నాయి. మీ గోడలు దాటి బయటికి వెళ్లనివి: లోకల్ వేరియబుళ్లు, ఫంక్షన్లు, కామెంట్లు. బయటివారు ఇచ్చినవి: రెడిస్ జవాబులు, స్పార్క్ అనే డేటా ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే ‘మాస్టర్’ ఆప్షన్ లాంటివి, వీటిని మార్చే అధికారం మీకు లేదు. బయటివారు ఇప్పటికే మార్చేసినవి: ఇక్కడ మీకు ఇష్టమున్నా లేకున్నా మారక తప్పదు. మీరు బయటికి ఇచ్చినవి: కస్టమర్ల కాన్ఫిగ్ ఫైళ్లు, ఏపీఐ జవాబుల్లోని కీలు. అసలు ప్రమాదం ఈ చివరిదాంట్లో ఉంది.

మొదటి రకానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కాకపోతే పేరు మార్పు కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పుల కట్ట) ఇంకే మార్పూ ఉండకూడదు, ఒక్క లాజిక్ వరుస కూడా. ఆ కమిట్ హ్యాష్‌ను (గుర్తింపు సంఖ్యను) ‘బ్లేమ్’లో, అంటే ఏ వరుస ఎవరు రాశారో చూపే కమాండ్‌లో, దాటవేసే ఫైల్‌లో చేర్చండి. గిట్ 2.23 నుంచి ఆ సదుపాయం ఉంది. లేకపోతే రేపు ఏ వరుస ఎవరు ఎందుకు రాశారని చూసినా ఆమె పేరే కనిపిస్తుంది. సీనియర్‌కు కోపం రావడానికి అది న్యాయమైన కారణమే. ఇంకోటి, ఒక మాటకు ఒకే బదులు మాట అని పెట్టుకోకండి. డేటాబేస్‌కు ‘ప్రైమరీ, రెప్లికా’ నప్పుతుంది. ఓటింగ్ పెట్టి నాయకుడిని ఎన్నుకునే చోట ‘లీడర్, ఫాలోయర్’. పని పంచి ఇచ్చే చోట ‘కంట్రోలర్, వర్కర్’. రెప్లికా అంటే డేటా నకలు. డేటా నకలు ఏదీ ఉంచుకోని ప్రాసెస్‌కు ఆ పేరు పెడితే పాత మాట కంటే ఎక్కువ తికమక పెట్టినట్టే.

మూడో రకం మీ సీనియర్‌కు చూపించవలసిన భాగం. మైఎస్‌క్యూఎల్ 8.0.22లో ‘షో రెప్లికా స్టేటస్’ వచ్చింది, 8.0.23లో ‘చేంజ్ రెప్లికేషన్ సోర్స్ టు’ వచ్చింది. 8.4లో పాత ‘షో స్లేవ్ స్టేటస్’, ‘స్టార్ట్ స్లేవ్’, ‘చేంజ్ మాస్టర్ టు’ పూర్తిగా తీసేశారు, ఇస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కాలమ్ పేర్లు కూడా మారాయి: ‘సెకండ్స్_బిహైండ్_మాస్టర్’ ఇప్పుడు ‘సెకండ్స్_బిహైండ్_సోర్స్’. మీ దగ్గర రెప్లికేషన్ ఆలస్యాన్ని కొలిచే షెల్ స్క్రిప్ట్ ఉంటే, అది ఆ కాలమ్‌ను గ్రెప్ (వరుసల్లో మాట వెతికే కమాండ్) చేసి అంకెను బయటికి తీస్తుంటుంది. 8.4లో కమాండ్ ఫెయిలైతే గ్రెప్‌కు ఏమీ దొరకదు, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది, లెక్కలోకి వెళ్లాక అది సున్నా అవుతుంది. డ్యాష్‌బోర్డ్ మీద ‘ఆలస్యం: 0’ అని పచ్చగా వెలుగుతుంది, వెనక రెప్లికా ఆగిపోయి ఉన్నా సరే. ఖాళీ వస్తే సున్నా కాదు, అలారం మోగాలి. ఈ ఒక్క మార్పు పేర్ల గొడవతో సంబంధం లేకుండా ఈ వారమే చేయండి. కుబెర్నెటీస్ (చాలా సర్వర్ల మీద కంటైనర్లను నడిపే వ్యవస్థ) వాడుతుంటే అదీ చూసుకోండి. 1.24లో కంట్రోల్ ప్లేన్ నోడ్ల (వ్యవస్థను నియంత్రించే సర్వర్ల) మీది ‘మాస్టర్’ లేబుల్ పోయింది. ఏ సర్వర్ మీద నడవాలో ఆ లేబుల్‌తో ఎంచుకునే పాడ్లు (కంటైనర్ల గుంపులు) ‘పెండింగ్’లో ఉండిపోతాయి.

ఇప్పుడు నాలుగోది, మీ ‘ఐపీ_వైట్‌లిస్ట్’. ఆ పుల్ రిక్వెస్ట్ ఉన్నదున్నట్టుగా రిలీజ్ అయిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. కస్టమర్ ఫైల్‌లో పాత కీ ఉంది. కొత్త కోడ్ ‘ఐపీ_అలౌలిస్ట్’ కోసం చూస్తుంది, దొరకదు. చాలా కాన్ఫిగ్ పార్సర్లు తెలియని కీ కనిపిస్తే కిక్కురుమనకుండా వదిలేస్తాయి. ‘లిస్ట్ లేకపోతే అందరికీ అనుమతి’ అన్నది మీ డిఫాల్ట్ అయితే, అప్‌గ్రేడ్ చేసిన రాత్రి నుంచి ఆ గేట్‌వే ప్రపంచానికంతటికీ తెరిచి ఉంటుంది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, అంతా బాగానే నడుస్తుంది. ‘లిస్ట్ లేకపోతే ఎవరికీ వద్దు’ అన్నది డిఫాల్ట్ అయితే ప్రతి రిక్వెస్ట్‌కూ 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. అది సేవ ఆగిపోవడం (ఔటేజ్) కాబట్టి కనీసం ఆ సంగతి ఐదు నిమిషాల్లోనే తెలుస్తుంది. మీ డిఫాల్ట్ ఏదో ముందు చూసుకోండి.

మార్చాలనుకుంటే క్రమం ఇలా ఉండాలి. మొదటి రిలీజ్‌లో రెండు కీలనూ చదవండి. పాతది మాత్రమే ఉంటే దాన్నే వాడుతూ, ఏ ఫైల్‌లో ఏ వరుసలో ఉందో, కొత్త పేరేమిటో చెబుతూ స్టార్టప్‌లో హెచ్చరిక ఇవ్వండి. రెండూ ఉండి విలువలు ఒకటే అయితే సరే. రెండూ ఉండి విలువలు వేరైతే గేట్‌వే స్టార్ట్ కాకూడదు. రెండు లిస్టులనూ కలిపేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి. కస్టమర్ కొత్త లిస్టులోంచి తీసేసిన ఐపీ పాత లిస్టు ద్వారా లోపలికి వస్తుంది. కంటైనర్లలో ఇంకో చిక్కు: ఫైల్‌లో కొత్త పేరు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పాత పేరు. ఈ జత మీ టెస్టుల్లో తప్పకుండా ఉండాలి, నిజంగా జరిగేది ఇదే. తర్వాతి మేజర్ వెర్షన్‌లో పాత కీని తీసేయండి. తీసేయడమంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు, పాత కీ కనిపిస్తే స్పష్టమైన సందేశంతో స్టార్ట్ కావడానికి నిరాకరించడం. ఆ నాలుగు వరుసల చెక్ ఏళ్ల తరబడి ఉన్నా నష్టం లేదు.

చాలామంది మరచిపోయేది రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడం. కస్టమర్ కొత్త వెర్షన్‌కు వచ్చి, మీరు చెప్పినట్టే కీ పేరు మార్చి, ఇంకేదో ఇబ్బంది వచ్చి పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లారనుకోండి. ఆ పాత వెర్షన్‌కు కొత్త కీ తెలియదు. మళ్లీ అదే తెరిచిన తలుపు, ఈసారి మీ సలహా పాటించినందుకు. అందుకని కొత్త కీని చదవడం అన్నదొక్కటే ముందుగా మీరు సపోర్ట్ చేస్తున్న పాత వెర్షన్లలోకి ప్యాచ్‌గా పంపాలి. అది చేరాకే పేరు మార్చమని కస్టమర్లకు చెప్పాలి.

ఏపీఐ జవాబుల్లోని కీల విషయంలో పాతదీ కొత్తదీ రెండూ కొన్నాళ్లు పంపడం మామూలు పద్ధతి. కానీ తెలియని ఫీల్డ్ వస్తే తిరస్కరించే క్లయింట్లుంటాయి. వాటికి కొత్త ఎండ్‌పాయింట్ వెర్షనే దారి.

గిట్ బ్రాంచ్ పేరు మీద మీ వాళ్లు అతిగా వాదించుకున్నారనిపిస్తోంది. అది ఒక పూట పని. గిట్‌హబ్‌లో (గిట్ కోడ్‌ను ఉంచే వెబ్‌సైట్) బ్రాంచ్ పేరు మారిస్తే తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులు, బ్రాంచ్ రక్షణ నియమాలు వాటంతటవే కొత్త పేరుకు మారతాయి, వెబ్ లింకులు దారి మళ్లుతాయి. మళ్లనివి: రా ఫైల్ లింకులు, పాత పేరుతో చేసే గిట్ పుల్, మీరు ప్రచురించిన యాక్షన్‌ను (గిట్‌హబ్ ఆటోమేషన్ ముక్కను) పాత బ్రాంచ్ పేరుతో వాడుతున్న ఇతరుల వర్క్‌ఫ్లోలు. అన్నిటికంటే మోసం చేసేది సీఐ ఫైల్ (కోడ్ మారగానే టెస్టులు, డిప్లాయ్ వాటంతటవే నడిపే సెట్టింగుల ఫైల్). ‘మాస్టర్ మీద పుష్ అయితే డిప్లాయ్ చెయ్’ అని రాసి ఉన్న వర్క్‌ఫ్లో ఫెయిల్ కాదు, అసలు మొదలే కాదు. ఎరుపు గుర్తు రాదు. రెండు రోజుల తర్వాత ‘నా మార్పు ప్రొడక్షన్‌లో లేదేమిటి?’ అని ఎవరో అడిగితే బయటపడుతుంది. కాబట్టి వర్క్‌ఫ్లోలలో ముందు రెండు పేర్లూ రాసి, తర్వాత బ్రాంచ్ మార్చి, చిన్న కమిట్ ఒకటి పంపి డిప్లాయ్ నిజంగా నడిచిందో లేదో కళ్లారా చూసి, అప్పుడు పాత పేరు తీసేయండి. సబ్‌మాడ్యూళ్ల (లోపల కలుపుకున్న వేరే రిపోజిటరీల) ఫైల్‌లో రాసి ఉన్న బ్రాంచ్ పేరునూ వెతకండి. అందరి లాప్‌టాప్‌లలో లోకల్ బ్రాంచ్ పేరు మార్చడం, ఫెచ్ చేయడం, అప్‌స్ట్రీమ్‌ను కొత్త పేరుకు కలపడం, రిమోట్ హెడ్‌ను మళ్లీ సరిచేయడం అన్న నాలుగు మెట్లు పూర్తవ్వాలి. సెలవులో ఉన్న ఒక్కరు వాటిని చేయకుండా తిరిగొచ్చి పాత క్లోన్ నుంచి పుష్ చేస్తే ‘మాస్టర్’ మళ్లీ పుడుతుంది. ఆ పేరుతో బ్రాంచ్ సృష్టించకుండా ఒక నియమం పెట్టండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏమీ మార్చకపోవడం ఒకటి. దాని వల్ల కోడ్ విరగదు. కానీ మైఎస్‌క్యూఎల్ 8.4 మిమ్మల్ని ఎలాగూ కదిలిస్తుంది, ప్రశ్నావళికి జవాబు ఉండదు, ఆ అమ్మాయికి ‘నీ మాట వినలేదు’ అన్న జవాబు మాత్రం వెళుతుంది. అన్నీ ఇప్పుడే మార్చడం రెండోది. దాని ఫలితం స్టేజింగ్‌లో చూశారు. ఇక ‘కొత్తగా రాసే కోడ్‌లో వద్దు, పాతదాన్ని ముట్టుకున్నప్పుడు మారుద్దాం’ అన్న మధ్యేమార్గం. లినక్స్ కెర్నల్ 2020 జులైలో దాదాపు ఇదే పట్టింది: కొత్త వాడకం వద్దు, మామూలు ప్రోగ్రాములకు (యూజర్‌స్పేస్‌కు) ఇచ్చిన పాత ఇంటర్‌ఫేస్‌లకు, హార్డ్‌వేర్ లేదా ప్రోటోకాల్ స్పెసిఫికేషన్లు విధించిన పేర్లకు మినహాయింపు. ఇది చవకైనది, కానీ ఏళ్ల తరబడి ఒకే ఫైల్‌లో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. కొత్తగా చేరేవాళ్లు ‘స్లేవ్, రెప్లికా వేరువేరా?’ అని అడుగుతారు. పదకోశంలా ఒక పేజీ రాసి ఉంచక తప్పదు.

నన్నడిగితే మధ్యేమార్గానికి బ్రాంచ్ మార్పునూ, ‘ఐపీ_వైట్‌లిస్ట్’కు పైన చెప్పిన రెండు రిలీజ్‌ల ప్రణాళికనూ కలుపుతాను. ప్రణాళిక మొత్తానికి టైమ్ లేకపోతే ఆ కీని అలాగే వదిలేయడం తప్పు కాదు. సగం చేయడం మాత్రం ప్రమాదం. కొత్త వాడకాన్ని ఆపడానికి సీఐలో ఒక చిన్న చెక్ చాలు, అయితే అది కొత్తగా చేర్చిన వరుసల్ని మాత్రమే చూడాలి. ఫైల్ మొత్తం చూసే చెక్ పెడితే, ఏ చిన్న బగ్ సరిచేయబోయినా పాత పేర్లన్నీ ఎదురొస్తాయి, వారంలో ఎవరో దాన్ని ఆపేస్తారు. మినహాయింపుల ఫైల్ ఒకటి ఉంచి, ప్రతి మినహాయింపు పక్కన కారణం రాయించండి: ‘రెడిస్ జవాబు, మన చేతిలో లేదు’ అని.

మనుషుల సంగతి. సీనియర్‌తో ముందు విడిగా మాట్లాడండి. ‘వేరే పనేమీ లేదా’ అన్న వాక్యం రివ్యూ కాదు, దానికి బదులు ఆయనకు తెలిసిన ప్రమాదాలు రాసి ఉంటే ఆ 214 ఫైళ్లు మొదటి రోజే 30 అయ్యేవి. ఆ మాట మెత్తగానే అయినా సూటిగా చెప్పండి. కాన్ఫిగ్ కీ ప్రణాళికను రివ్యూ చేయమని ఆయన్నే అడగండి, ఏది ఎక్కడ విరుగుతుందో ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు. ఆయన మనసు మారాలని పట్టుబట్టకండి. పదాల మీద ఆయన అభిప్రాయం ఆయనకే ఉండనివ్వండి, చాట్‌లో వెటకారం మాత్రం ఆగాలి.

ఆ అమ్మాయి పుల్ రిక్వెస్ట్‌ను గుట్టుచప్పుడు కాకుండా మూసేయకండి. ‘లోపలి పేర్లు, బ్రాంచ్, కాన్ఫిగ్ కీ అని మూడుగా విడగొడదాం. మొదటి రెండూ నువ్వు నడిపించు, మూడోది ఆయనతో కలిసి’ అని అందరికీ కనిపించేలా రాయండి. ఒకటి జాగ్రత్త: ఆ మాటలు తనను ఎందుకు బాధించాయో పదిమందిలో వివరించమని అడగకండి. తనే చెబితే వినండి. కారణం ఆమె జీవితంలోంచి రావలసిన అవసరం లేదు, పైగా మీరు తీసుకునే నిర్ణయం ఆ వివరణ మీద ఆధారపడి లేదు.

ప్రశ్నావళికి జవాబుగా ఉన్నది ఉన్నట్టు రాయండి: కొత్త కోడ్‌లో, డాక్యుమెంట్లలో ఈ పదాలు వాడము, సీఐ చెక్ ఉంది, కస్టమర్ల కాన్ఫిగ్‌లోని పాత పేర్లను ఫలానా వెర్షన్ నుంచి కొత్త పేర్లతో కూడా అంగీకరిస్తాము, ఫలానా వెర్షన్‌లో పాతవి తీసేస్తాము, థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ విధించిన పేర్లు మినహాయింపు. వెర్షన్ నంబర్లు తేలకముందే ‘పూర్తిగా తొలగించాము’ అని రాయమని మేనేజర్ అంటే ఒప్పుకోకండి. అడిగిన కస్టమర్ మీ కాన్ఫిగ్ ఫైల్‌ను రోజూ తెరిచి చూస్తున్నవారే.